చీటీ పుస్తకం తెరిచాక: ఒక సంఘంలో క్షమాపణ ఎలా జరిగిందో చెప్పే కేస్ స్టడీ

ఈ కేసు గోదావరి జిల్లాల్లో ఒక చిన్న టౌన్‌లోని క్రైస్తవ సంఘానిది. నేను అక్కడ పాస్టరుగా ఉన్న కాలంలో జరిగింది. సంబంధించిన వాళ్లను అడిగి, సరే అన్నాకే రాస్తున్నాను. ఊరి పేరు, మనుషుల పేర్లు ఇవ్వడం లేదు. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు మార్చాను. డబ్బు లెక్కలు మాత్రం విడమరిచి రాస్తున్నాను, ఎందుకంటే ఈ కేసులో క్షమాపణ అంతా ఆ లెక్కల్లోంచే నడిచింది. సంఘం వదిలి వెళ్లిపోయిన ఒకామెను కూడా అడిగాను. "రాయండి అయ్యగారూ, నేను క్షమించేశానని మాత్రం రాయకండి" అంది. ఆమె కోరినట్టే రాశాను.

ఏం జరిగింది

మా సంఘంలోని ఆడవాళ్ల బృందమైన స్త్రీల మైత్రిలో చురుగ్గా ఉండే ఒకామె ఏళ్ల తరబడి చీటీలు నడిపేది. అందరూ చీటీ అక్క అనేవారు. ఇల్లు కట్టుకున్నవాళ్లు, ఆడపిల్ల పెళ్లి చేసినవాళ్లు, ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఆమె దగ్గర చీటీ పాడుకునే ఆ పనులు చేసుకున్నారు. అంతకుముందు ఆమె చేతిలో ఒక్క చీటీ పోలేదు.

గొడవ వచ్చిన చీటీ లక్ష రూపాయలది. 20 మంది, నెలకు 5,000, 20 నెలలు. మొదటి నెల సొమ్ము నడిపే మనిషి పాట లేకుండా ఎత్తుకోవడం మామూలే, ఆమె కూడా అలాగే ఎత్తుకుంది. తర్వాత ప్రతి నెలా పాట. అవసరం ఉన్నవాళ్లు తగ్గించి పాడుకుంటారు, తగ్గిన సొమ్ము మిగతావాళ్ల వాయిదాలో కలిసొస్తుంది. పాడుకున్నాక కూడా చివరి నెల దాకా వాయిదా కడుతూనే ఉండాలి. ఈ చివరి సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు అదే ముఖ్యమవుతుంది.

13 నెలలు సాఫీగా సాగినట్టే కనిపించింది. పద్నాలుగో నెల 12 మంది దగ్గర డబ్బు వసూలు చేసి, పాట వచ్చే వారం అంది. ఆ వారం జ్వరం అంది. తర్వాత ఫోన్ స్విచ్చాఫ్. హైదరాబాద్‌లో చెల్లెలి ఇంటికి వెళ్లిపోయిందని ఆలస్యంగా తెలిసింది.

అప్పటికి పాడుకోనివాళ్లు ఏడుగురు. అందరూ ఆడవాళ్లు, అందరూ మా సంఘస్థులే. కట్టినదంతా కలిపితే ఒక్కొక్కరిదీ దాదాపు 60,000, మొత్తం 4,20,000. ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పే టీచరమ్మ ఉంది, అంగన్‌వాడీ ఆయా ఉంది, ఇంటి దగ్గర బ్లౌజులు కుట్టే ఆమె ఉంది. ఈ మూడో ఆమె కూతురు నర్సింగ్ రెండో సంవత్సరంలోకి వచ్చింది. ఫీజు కట్టడానికే ఆమె చివరి నెలల దాకా ఆగి, తక్కువ తగ్గింపుకు పాడుకుందామని చూసింది.

ఇలాంటి చీటీ చట్టప్రకారం నడవకూడదన్నది కూడా చెప్పాలి. 1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం రిజిస్ట్రారు అనుమతి లేకుండా చీటీ మొదలుపెట్టకూడదు. బాగా చిన్న మొత్తాల చీటీలకు మాత్రమే వెసులుబాటు ఉంది. లక్ష చీటీని అంత చిన్నది అనలేం. మన సంఘాల్లో సగం మందికి ఈ సంగతి తెలియదు, తెలిసినా ఎవరూ అడగరు.

మొదట వినిపించిన రెండు మాటలు

కమిటీలో ఇద్దరు ముగ్గురు పెద్దలు వెంటనే నా దగ్గరికొచ్చారు. "అయ్యగారూ, ఊళ్లో సంఘం పరువు పోతోంది. వచ్చే ఆదివారం క్షమాపణ మీద ప్రసంగం చెప్పండి, వాళ్లను క్షమించెయ్యమనండి, దేవుడే చూసుకుంటాడు." ఇంకో వైపు నుంచి, ఆమెను సంఘం నుంచి వెలివేసి, ఆరాధనలో పేరు చదివి ప్రకటించాలన్నారు.

రెండూ నేను ఒప్పుకోలేదు. రెండో దాని గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, అది కోపం. మొదటిది ప్రమాదకరం, ఎందుకంటే అది భక్తిలా కనిపిస్తుంది. క్షమించమని చెబుతున్న పెద్దల్లో ఎవరి సొమ్మూ పోలేదు. పోయినవాళ్లు నెలకు ఎనిమిది, పది వేలు సంపాదించుకునే ఆడవాళ్లు. నష్టం ఒకరిది, క్షమించే పుణ్యం మొత్తం సంఘానిది అన్నట్టు తయారవుతుంది వ్యవహారం. పైగా క్షమించకపోతే నువ్వు మంచి విశ్వాసివి కాదన్న భారం కూడా వాళ్ల మీదే పడుతుంది.

ఒక పెద్దాయన గ్లాడిస్ స్టెయిన్స్ గారి పేరెత్తారు. ఆమె సంగతి మన సంఘాల్లో తరచూ చెబుతారు గాని సగమే చెబుతారు. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో ఆమె భర్త గ్రాహం స్టెయిన్స్‌ను, ఇద్దరు చిన్న కొడుకులను జీపులో నిద్రపోతుండగా తగలబెట్టి చంపారు. చంపినవాళ్లను క్షమించానని ఆమె అన్నారు, నిజమే. కానీ కేసు ఆగలేదు. 2003లో విచారణ కోర్టు శిక్ష వేసింది, 2011లో సుప్రీంకోర్టు ముఖ్య దోషికి యావజ్జీవాన్ని ఖాయం చేసింది. ఆమె బారిపడలోనే ఉండి, భర్త చూసుకున్న కుష్ఠురోగుల ఆశ్రమం పనిని 2004 దాకా నడిపించారు. 2005లో పద్మశ్రీ వచ్చింది. ఆమె క్షమించడం ఆమె హృదయంలో దేవుని ఎదుట జరిగింది. నేరం ఏమిటో తేల్చే పని కోర్టులో జరిగింది. ఒకటి రెండోదాన్ని అడ్డుకోలేదు. ఈ సంగతి ఆ పెద్దాయనకు చెప్పాను. ఆలోచించి, సరే మీరన్నట్టే చేద్దాం అన్నారు. తర్వాత ఈ కేసులో నాకు అందరికన్నా ఎక్కువ సాయపడింది ఆయనే. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు, డబ్బు లెక్కల్లో గట్టివారు.

అప్పటికే ఏడుగురిలో ఒకామె పోలీసు కంప్లయింట్ ఇచ్చింది. వెనక్కి తీసుకోమని నేను అడగలేదు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 6వ అధ్యాయం చూపించి, విశ్వాసులు కోర్టుకెక్కకూడదు కదా అన్నారు కొందరు. ఆ అధ్యాయంలోనే పౌలు, మీలో తీర్పు తీర్చగల బుద్ధిమంతుడు ఒక్కడైనా లేడా అని అడుగుతాడు. ఆ పని సంఘం చేయకుండా, కష్టపడ్డ మనిషిని స్టేషన్‌కి వెళ్లొద్దనడం అన్యాయం.

ఏడుగురితో విడివిడిగా

మొదటి వారాలు ఎవరికీ క్షమించమని చెప్పలేదు. నేనూ నా భార్యా కలిసి ఇంటింటికీ వెళ్లాం, విన్నాం. ఎంత పోయింది, ఆ డబ్బు దేనికి పెట్టుకున్నారు, ఇంట్లో ఏమంటున్నారు, ఇవే అడిగాం. ఇద్దరి ఇళ్లలో భర్తలు కొట్టారు, "నీ ప్రార్థన స్నేహితురాలు బాగా చేసింది" అని. ఆ ఇళ్లలో ముందు భర్తలతో మాట్లాడాల్సి వచ్చింది.

బ్లౌజులు కుట్టే ఆమె మిషన్ దగ్గర నుంచి లేవకుండానే మాట్లాడింది. గుడ్డ కింద సూది నడుస్తూనే ఉంది.

"డబ్బు పోయినందుకు కాదండీ నా ఏడుపు. ఊరొదిలి వెళ్లే ముందు రోజు మా ఇంటికొచ్చింది. ఇక్కడే కూర్చుని టీ తాగింది. పిల్ల ఫీజు ఎప్పుడని అడిగింది. ప్రార్థన కూడా చేసింది పిల్ల కోసం. అప్పటికే బస్సు టిక్కెట్ తీసుకుని ఉంది కదండీ."

ఆమె క్షమించాల్సిన అసలు విషయం అదీ. అరవై వేలు దాని పక్కన ఉన్న సంగతి. క్షమించు అని గుత్తగా అంటే ఏది క్షమించాలో మనిషికి తెలియదు. పేరు పెట్టి చెప్పగలిగినప్పుడే దాన్ని చేతుల్లోకి తీసుకోగలరు, ఆ తర్వాతే వదలగలరు. తోటి పాస్టర్లకు నేను గట్టిగా చెప్పేది ఇదే. విన్న రోజు విని రండి. వాక్యం తీసి చదవాలన్న తొందర ఆ రోజు వద్దు.

రెండోసారి వెళ్లినప్పుడు ఆమే అడిగింది, "డెబ్బది ఏళ్ల మారులు అన్నాడు కదండీ యేసయ్య, నాకు ఒక్కసారే రావట్లేదు." ఏడుసార్లు కాదు, డెబ్బై ఏడులసార్లు క్షమించమని యేసు చెప్పిన మత్తయి 18వ అధ్యాయం అప్పుడు ఇద్దరం చదివాం.

నూరు దేనారాలు చిన్న అప్పు కాదు

ఆ ఉపమానాన్ని మనం ప్రసంగాల్లో ఇలా చెబుతుంటాం: ఒకడికి కోట్లలో అప్పు రద్దయింది, వాడు తోటివాడి దగ్గర చిల్లర కోసం గొంతు పట్టుకున్నాడు. చిల్లర అనడం తప్పు. రోజు కూలీ ఒక దేనారమని మత్తయి 20వ అధ్యాయంలో ఉంది. నూరు దేనారాలంటే నూరు రోజుల కష్టం. మా వైపు రోజుకు 500 అనుకుంటే 50,000. ఆమెకు పోయింది 60,000. యేసు చెప్పిన కథలోని అప్పు, ఆమె చీటీ డబ్బు దాదాపు ఒకటే.

ఇది చెప్పగానే ఆమె మిషన్ ఆపింది. "అయితే ఆయన దాన్ని తక్కువ చేయలేదన్నమాట" అంది.

నిజంగా తక్కువ చేయలేదు. నూరు దినాల కూలి పోతే ఇల్లు గడవదని ఆయనకు తెలుసు. అవతలి వైపు పదివేల తలాంతులు పెట్టాడు. ఒక తలాంతు 6,000 దేనారాలు. అంటే ఆరు కోట్ల రోజుల కూలి. ఏడాదికి 300 రోజులు పనిచేసినా రెండు లక్షల సంవత్సరాలు పడుతుంది. ఎవరూ తీర్చలేని అప్పు. నీకు జరిగిన నష్టం చిన్నది, మర్చిపో అని యేసు అనడం లేదు. నీ నష్టం నిజం, అయినా నీ మీద కురిసిన కనికరం దానికి అందనంత పెద్దది అంటున్నాడు. మొదటిది చెప్పకుండా రెండోది చెబితే గాయపడ్డ మనిషి నోరు నొక్కినట్టవుతుంది.

ఆ కథ మొదలయ్యేదే, "తన దాసులయొద్ద లెక్క చూచుకొన గోరిన యొక రాజు" అని. రాజు ముందు పుస్తకం తెప్పించాడు. ఎవరు ఎంత అని తేలింది. అప్పు మొత్తం గట్టిగా పలికాకే కనికరించి విడిచిపెట్టాడు. మేమూ పుస్తకం తెప్పించాలనుకున్నాం.

పుస్తకం

చీటీ అక్క హైదరాబాద్ నుంచి తిరిగొచ్చింది. తీసుకొచ్చింది ఆమె చెల్లెలే. రాత్రి మా ఇంటికి వచ్చి వరండాలో కూర్చుంది, లోపలికి రానంది. కండక్టర్ గారిని పిలిపించాను. ఆమె సంచీలోంచి అట్ట చిరిగిన పొడవాటి నోటు పుస్తకం తీసింది. ప్రతి పేజీకి ఒక నెల, పక్కన పేర్లు, ముట్టిన డబ్బుకు టిక్కు, ముట్టనిదానికి సున్నా.

తొమ్మిదో నెల నుంచి సున్నాలు మొదలయ్యాయి.

చీటీ పాడుకుని సొమ్ము తీసుకున్న నలుగురు, ఒకరి తర్వాత ఒకరు, వాయిదాలు కట్టడం మానేశారు. 13వ నెలకు వాళ్ల బాకీ 12 వాయిదాలు, 60,000. ఎవరికీ చెప్పకుండా ఆ లోటు ఆమె బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి పూడ్చింది. వడ్డీవాడు ఇంటి మీదకొచ్చాడు. పద్నాలుగో నెల వసూలు చేసిన 60,000 వాడికి కట్టేసింది.

కండక్టర్ గారు కాగితం తీసుకుని ఇంకో లెక్క వేశారు. నాకు ఈ కేసు మలుపు తిరిగింది అక్కడ. చీటీ ఆగిపోయిందనగానే, ముందే పాడుకున్న మిగతా ఎనిమిది మంది కూడా కట్టడం మానేశారు. "చీటీయే పోయింది, ఇంకెవరికి కట్టాలి" అన్నారు. ఎవరూ తప్పు చేస్తున్నామనుకోలేదు. కొందరు ఆరాధనలో ఆ ఏడుగురి పక్కనే కూర్చుని, "పాపం, మీ డబ్బు పోయిందంట" అని ఓదార్చారు కూడా. అయ్యా, వాళ్ల డబ్బు మీ దగ్గరే ఉంది!

లెక్క తేల్చాక ఇలా వచ్చింది. పద్నాలుగో నెల కట్టిన ఐదుగురి నుంచి ఇంకా ఆరేసి వాయిదాలు, 1,50,000. కట్టని ముగ్గురి నుంచి ఏడేసి, 1,05,000. ముందే మానేసిన నలుగురి నుంచి పాత బాకీతో కలిపి 2,00,000. చీటీ అక్క సొంత వాయిదాలు 35,000. రావలసింది 4,90,000. ఏడుగురికి ఇవ్వవలసింది 4,20,000.

ఊరంతా ఒక్క మనిషిని దొంగ అంటోంది. పుస్తకంలో పదముగ్గురు బాకీదారులు ఉన్నారు. ఆమె చేసిన మోసం అలాగే ఉంది, దాన్ని ఈ లెక్క చెరపదు. కానీ క్షమాపణ అడగాల్సినవాళ్లు, క్షమించాల్సినవాళ్లు ఎవరెవరన్న ప్రశ్న ఆ రాత్రితో మారిపోయింది.

పరాయి సొమ్ముతో చూపిన దయ

అందరికన్నా ముందు వాయిదా మానేసిన మనిషి గురించి అడిగాను. చీటీ అక్క చాలాసేపు చెప్పలేదు. ఆమె భర్తకు కిడ్నీలు పాడయ్యాయి. చీటీ డబ్బంతా డయాలసిస్‌కి పోయింది. ఎనిమిదో నెలలో ఆయన చనిపోయాడు. తొమ్మిదో నెల వాయిదాకి వెళ్తే ఇంట్లో బియ్యం లేవు. "అడగబుద్ధి కాలేదు అయ్యగారూ. నేను సర్దుతాలే అన్నాను."

దయే అది. దయ కాదని నేను అనను. కానీ ఆ దయకు డబ్బు కట్టింది ఆమె కాదు, చీటీ పాడుకోని ఏడుగురు. వాళ్లకు తెలియదు. అడిగి ఉంటే ఏమనేవాళ్లో వాళ్లకే తెలియాలి. ఆ అవకాశం వాళ్ల దగ్గర్నుంచి తీసేసుకుంది. మిగతా ముగ్గురు మానేసింది కూడా, "ఆమెను అడగలేదు కదా, మమ్మల్ని మాత్రం ఎందుకు అడగాలి" అని చూసే.

దేవుని కృపను పంచడం గురించి మనం చాలా మాట్లాడతాం. పంచేది మన చేతిలోంచి పోవాలి, మనకు తగ్గాలి. సిలువ మీద జరిగింది అదే, ఆయన మన అప్పును ఇంకెవరి లెక్కలోనూ రాయలేదు. పౌలు ఫిలేమోనుకు రాసిన చిన్న ఉత్తరంలో, ఫిలేమోను దాసుడైన ఒనేసిము చేసిన నష్టం గురించి "అది నా లెక్కలో చేర్చుము" అంటాడు, నేనే తీరుస్తానని స్వహస్తంతో రాస్తాడు. ఫిలేమోను లెక్కలో కొట్టేయమని ఊరికే అడగలేదు.

ఇది చీటీ అక్కకు చెప్పినప్పుడు ఆమె ఏడ్చింది. అప్పటిదాకా తన కష్టానికి ఏడ్చింది, ఈసారి వాళ్ల కోసం.

మీటింగ్

ఆరాధనలో అందరి ముందు నిలబెట్టి ఒప్పించడం నాకు ఇష్టం లేదు. ఎవరికి నష్టం చేసిందో వాళ్ల ముందే ఒప్పుకోవాలి, తమాషా చూసేవాళ్ల ముందు కాదు. ఏడుగురు, ఆమె, నేను, నా భార్య, కండక్టర్ గారు, అంతే. శనివారం మధ్యాహ్నం, మా ఇంటి హాల్లో.

ఒకటే షరతు పెట్టాను. "క్షమించండి" అన్నది మొదట రాకూడదు. ఏం చేసిందో ముందు చెప్పాలి. కారణాలు తర్వాత, అదీ వాళ్లు అడిగితేనే. "ఏదో పొరపాటు జరిగిపోయింది" అంటే ఒప్పుకోలు కాదు, వార్త.

ఆమె నిలబడి చెప్పింది: "పద్నాలుగో నెల మీ దగ్గర డబ్బు తీసుకుంటున్నప్పుడే నాకు తెలుసు, పాట పెట్టనని. తెలిసే తీసుకున్నాను. జ్వరం రాలేదు. అబద్ధం చెప్పాను."

ఎవరూ మాట్లాడలేదు. బ్లౌజులు కుట్టే ఆమె అంది, "మా ఇంటికొచ్చిన రోజు సంగతి చెప్పక్కా."

"టిక్కెట్ నా బ్యాగులోనే ఉంది. నీకు చెబుదామనే వచ్చాను. పిల్ల టీ తెచ్చింది. చెప్పలేకపోయాను. ప్రార్థన చేసింది మాత్రం అబద్ధంగా చేయలేదు. నన్ను నమ్మకపోయినా ఫర్వాలేదు."

ఆ తర్వాత వాళ్లే ప్రశ్నలు అడిగారు, గట్టిగానే. ఒకరు అరిచారు, ఒకరు లేచి బయటికి వెళ్లి మళ్లీ వచ్చారు. నేను మధ్యలో ఆపలేదు. కండక్టర్ గారు లెక్క చదివి వినిపించారు. పదముగ్గురు బాకీదారులన్నప్పుడు గదిలో ఉన్నవాళ్ల ముఖాలు మారిపోయాయి. వాళ్లలో ఒకరి చెల్లెలు, ఇంకొకరి వదిన ఆ లిస్టులో ఉన్నారు.

భర్త పోయిన ఆమె పేరు వచ్చింది. ఆమె బాకీ 60,000. టీచరమ్మ అంది, "ఆమెను మనం అడగొద్దు." అంగన్‌వాడీ ఆయా వెంటనే ఒప్పుకోలేదు. "అడగకపోతే మనకు తగ్గుతుంది కదా టీచరమ్మా, ముందు ఎంత తగ్గుతుందో చూడండి" అంది. ఆ ప్రశ్న నాకు చాలా నచ్చింది. కండక్టర్ గారు చూశారు. మిగతావాళ్లంతా పైసాతో సహా కడితే ఎవరికీ తగ్గదు, కానీ అందరూ కడతారన్న నమ్మకం లేదు, అప్పుడు తలా కొంత పోవచ్చు. అది విన్నాక ఆరుగురు సరే అన్నారు. కంప్లయింట్ ఇచ్చిన ఆమె ఒప్పుకోలేదు. ఆమె వాటా వరకు తగ్గకుండా చూస్తామని మిగతావాళ్లు మాటిచ్చారు.

చీటీ అక్క తొమ్మిదో నెలలో చాటుగా చేసిన పనే ఇది. ఈసారి సొమ్ము ఎవరిదో వాళ్లే చేశారు. ఎంత పోవచ్చో తెలిసి చేశారు.

డబ్బు ఎలా తిరిగొచ్చింది

పాడుకున్నవాళ్ల ఇళ్లకు నేను, కండక్టర్ గారు వెళ్లాం. పుస్తకంలో వాళ్ల పేజీ చూపించాం. పద్నాలుగో నెల కట్టిన ఐదుగురు వెంటనే ఒప్పుకున్నారు, నెలనెలా 5,000 నేరుగా ఏడుగురికి వెళ్లేట్టు కట్టేశారు. ముగ్గురు కొంచెం తటపటాయించారు. బైబిల్లో పన్నులు వసూలు చేసే జక్కయ్య సంగతి చదివాం వాళ్లతో, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు కదా. సంఖ్యాకాండం 5వ అధ్యాయంలో ఒప్పుకుని, అసలు ఇచ్చి, దానికి ఐదో వంతు కలిపి ఇవ్వమని ఉంది. "మేము ఐదో వంతు అడగడం లేదమ్మా, అసలు అడుగుతున్నాం" అన్నారు కండక్టర్ గారు. కట్టారు. పాత బాకీదారుల్లో ఒకామె 45,000 తీర్చేసింది. అలా 3,00,000 వచ్చింది. మిగిలిన 1,20,000 భారం చీటీ అక్క తన మీద వేసుకుంది. గొలుసు అమ్మి 70,000 ఇచ్చింది. ఒక క్లినిక్‌లో ఆయాగా చేరి, నెలకు 3,000 చొప్పున మిగతాది కడుతోంది.

నర్సింగ్ కాలేజీ ఫీజు గడువు ఇవన్నీ వచ్చేదాకా ఆగదు. సంఘం ఫండ్ లోంచి ఇద్దామన్నారు కొందరు. నేను వద్దన్నాను. కానుక సొమ్ముతో ఈ బాకీ తీరిస్తే పాడుకున్నవాళ్లు నిశ్చింతగా పడుకుంటారు. కండక్టర్ గారు తన పెన్షన్ డబ్బులోంచి 40,000 కాలేజీలో కట్టి, "వచ్చినప్పుడు నాకివ్వమ్మా, రాకపోతే నా లెక్కలో రాసుకో" అన్నారు. మిగతా ఆరుగురిలో ఐదుగురు, మొదట వచ్చే వాయిదాలు ఆమెకే ఇమ్మన్నారు. ఆయన డబ్బు ఆయనకు చేరింది.

బల్ల దగ్గర

ఈ నెలల్లో చీటీ అక్క ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధనకు రాలేదు, నేను రమ్మనలేదు. బ్లౌజులు కుట్టే ఆమె కూడా రాలేదు. మత్తయి 5వ అధ్యాయంలో అర్పణ బలిపీఠం ఎదుటే విడిచిపెట్టి ముందు వెళ్లి సమాధానపడమని ఉంది కదా, ఆమె దాన్ని తనకు కూడా వర్తింపజేసుకుంది. నీ వైపు తప్పు లేదు, రావచ్చని చెప్పాను. "నా లోపల సరిగా లేదండీ, అయ్యాక వస్తాను" అంది. బలవంతం చేయలేదు.

వాయిదాలు మొదలయ్యాక ఒక శనివారం తనే చీటీ అక్క ఇంటికి వెళ్లిందట. ఏం మాట్లాడుకున్నారో ఇద్దరూ నాకు చెప్పలేదు, నేను అడగలేదు. మర్నాడు ఇద్దరూ వచ్చారు. తర్వాత నాతో అంది, "క్షమించానండీ. కానీ మళ్లీ ఆమె చేతికి డబ్బు ఇవ్వను. తప్పా?" తప్పు కాదని చెప్పాను. క్షమించిన రోజే తాళాలు కూడా అప్పగించాలని ఎక్కడా లేదు. నమ్మకం తిరిగి రావడానికి వేరే దారి ఉంది, దానికి కాలం పడుతుంది, అది చీటీ అక్క నడవాల్సిన దారి. ఇప్పుడు మా మైత్రిలో చీటీలు లేవు. చాలామంది పోస్టాఫీసులో ఆర్డీ కడుతున్నారు.

కంప్లయింట్ ఇచ్చిన ఆమె డబ్బు అందరికన్నా ముందు పూర్తిగా అందింది. అయినా వేరే సంఘానికి వెళ్లిపోయింది. డబ్బు అందాక కూడా ఆమెకు ఆ ముఖం చూడటం కష్టంగా ఉందంది. అప్పుడప్పుడు నా భార్య ఆమె ఇంటికి వెళ్తుంది. ఈ విషయం ఎత్తదు.

తేలనిది

పాత బాకీదారుల్లో ఇద్దరి నుంచి 95,000 రాలేదు. ఒకామె కువైట్ వెళ్లింది, ఫోన్ ఎత్తడం లేదు. ఇంకొకామెకు ఊళ్లో సొంత ఇల్లు ఉంది, కొడుకు ఉద్యోగం చేస్తున్నాడు, కట్టగలదు. మేము మూడోసారి వెళ్లినప్పుడు, "చీటీయే చట్టవిరుద్ధం, ఏ కోర్టుకెళ్తారో వెళ్లండి" అంది.

ఆమె చీటీ ఎత్తుకున్నప్పుడు రాసిన ప్రోనోటు చీటీ అక్క దగ్గర ఉంది. ప్రోనోటు మీద దావా వేయాలంటే రాసిన తేదీ నుంచి మూడేళ్ల లోపు వేయాలి, ఆ గడువు దగ్గర పడుతోంది. చీటీ అక్క నన్ను అడిగింది: "వాళ్లు నన్ను క్షమించారు. నేను ఈమె మీద కేసు వేస్తే ఆ కథలో దాసుడి పని చేసినట్టు కాదా?"

సమాధానం తేలిక కాదు. ఆ దాసుడు తోటివాడి గొంతు పట్టుకున్నాడు, వాడు "ఓర్చుకొనుము, చెల్లించెదను" అని సాగిలపడినా వినలేదు. ఇక్కడ బాకీ ఉన్న మనిషి అలా అనడం లేదు. ఉండీ కట్టనంటోంది. ఆ డబ్బులో చీటీ అక్క సొంతం ఏమీ లేదు, రాని ప్రతి రూపాయీ ఆమె ఆయా జీతంలోంచి ఏడుగురికి వెళ్తోంది. దావా వేయడం పాపం కాదని చెప్పాను. వేయకుండా వదిలేసి, ఆ భారం తానే మోస్తే అది కూడా తన సొమ్ముతో చేసే దయే అవుతుంది, ఈసారి ఎవరి దగ్గరా చాటుగా తీసుకోవడం లేదు కాబట్టి ఆ హక్కు ఆమెకు ఉందని కూడా చెప్పాను. అయితే భర్తతో, పిల్లలతో మాట్లాడకుండా నిర్ణయించొద్దన్నాను, ఎందుకంటే ఆ జీతం మీద వాళ్లూ బతుకుతున్నారు.

లాయరు దగ్గర నోటీసు రాయించి ఉంచింది. ఇంకా పంపలేదు. ఇంట్లో మాట్లాడుకుంటున్నారు.